మొప్పల మీది జిగురు

సబ్బవరం దాటాక ఒక ఊరి చెరువు గట్టు మీద, జబ్బుపడ్డ తల్లిచేపల మొప్పల్లో పేరుకున్న జిగురు చూసి నేను దాన్ని మురికి అనుకున్నాను. పర్మాంగనేటు కలిపిన ఊదారంగు నీళ్లలో చేపల్ని ముంచి ఆ జిగురు వదలగొట్టాను. పొద్దు వాలేసరికి, ముంచినవాటిలో చాలా చేపలు చచ్చిపోయాయి. వాటిని పెంచిన మనిషి నా ఎదురుగా నిలబడి ఏమైందని అడిగాడు. "మీరు ఆలస్యంగా పిలిచారు" అన్నాను.

మొదటి తప్పు తెలియక చేశాను. రెండోది తెలిసి చేశాను.

చేపల జబ్బుల పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు కొందరు నా అనుభవాలు రాయమని అడిగారు. నాకు ఎప్పుడు ఏ హోదా వచ్చిందో, ఏ ఫైలు ఎక్కడ ఆగిందో తెలిస్తే మీకు ఒరిగేదేమీ లేదు. ఒక అవయవం గురించి, ఒక పై అధికారి గురించి, ఒక చెరువు గురించి రాస్తాను. ఈ పనిలో నాకు తెలిసినదంతా ఆ మూడింటి దగ్గరే నేర్చుకున్నాను.

ఎర్రదుమ్ము

నేను చేరింది డెబ్భైల మొదట్లో. మా ల్యాబు విశాఖపట్నంలో రేవుకి దగ్గరగా ఉండేది. ఓడల్లోకి ఇనుప ఖనిజం ఎక్కించే రోజుల్లో గాలి మా వైపు తిరిగితే, కిటికీ రెక్కల మీద, టేబుళ్ల మీద, మా తెల్లకోట్ల మీద ఎర్రటి పొడి దిగేది. ఇడ్లీలోకి కారప్పొడి తెచ్చుకోనక్కరలేదని మాలో మేము నవ్వుకునేవాళ్లం. సూక్ష్మదర్శిని అద్దాల్ని పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి తుడవాల్సిందే.

తొట్లలో పెంచే చేపల మొప్పల మీద కూడా ఆ పొడి కనబడేది. చేప మొప్ప ఎప్పుడూ పలచటి జిగురు కారుస్తుంది. నీళ్లలో తేలే దుమ్ము ఆ జిగురుకి అంటుకుని గోధుమరంగు పోగుల్లా వేలాడుతుంది. అద్దం కింద పెడితే ఆ పోగులు అడ్డం వచ్చి కింది నిర్మాణం కనబడదు. అందుకని మొప్ప కత్తిరించగానే సీసాలోంచి నీళ్లు చిమ్మి కడిగేసేవాళ్లం. శుభ్రంగా, ఎర్రగా, దువ్విన జుట్టులా మొప్ప తయారయ్యేది. స్లైడు బాగా వచ్చిందని ఒకరినొకరం మెచ్చుకునేవాళ్లం.

ఏళ్ల తరబడి అదే పని. చివరికి అది నా చేతికి అలవాటైపోయింది. మొప్ప కనబడితే చాలు, బుర్రని అడగకుండానే చెయ్యి కడగడానికి వెళ్లేది. అలవాటైన చెయ్యి పనిని త్వరగా చేస్తుంది, నిజమే. ఎందుకు చేస్తున్నామో మరిచిపోయేలా చేసేది కూడా అదే.

హైమవతి గారు

మా పై అధికారి డాక్టర్ హైమవతి గారు. ఆ రోజుల్లో మా పనిలో ఆడవాళ్లు లేరనే చెప్పాలి. జెట్టీ దగ్గర పడవలవాళ్లు ఆవిణ్ణి "సేపల డాక్టరమ్మ" అనేవారు. పొట్టిగా ఉండేవారు, గొంతు మాత్రం పెద్దది. ఎవర్నీ పదిమందిలో తిట్టేవారు కాదు, ఎవర్నీ ఊరికే వదిలేవారు కూడా కాదు.

కొత్తగా చేరినవాళ్లకి ఆవిడ కత్తెర ఇచ్చేవారు కాదు. ఒక తొట్టి ముందు స్టూలు వేసి, చేప ఊపిరి తీసుకోవడం చూడమనేవారు. నన్నూ అలాగే కూర్చోబెట్టారు. భోజనాల వేళకి వచ్చి అడిగారు.

"ఏం చూశావు పైడిరాజూ?"

"చేప నోరు తెరుస్తోంది, మూస్తోంది మేడమ్."

"పొద్దుటినుంచీ నువ్వూ అదే చేస్తున్నావు. ఇంకా?"

"నోట్లోకి పోయిన నీళ్లు మొప్పల మూత కిందనుంచి బయటికి వస్తున్నాయి."

"ఆ నీళ్లలో ఏముంది?"

"ప్రాణవాయువు."

"ఇంకా?"

ఆవిడ ఒక చుక్క నీళ్లు తీసి అద్దం కింద పెట్టి చూపించారు. చుక్క నిండా బాక్టీరియా కదులుతోంది.

ఆ మధ్యాహ్నం ఆవిడ చెప్పిన మాటలు నాకు ఇప్పటికీ కొత్తగానే అనిపిస్తాయి. మన ఊపిరితిత్తులు ఛాతీలో దాక్కుని ఉంటాయి. చేప తన ఊపిరిని నీళ్లలో ఆరబెట్టుకుని బతుకుతుంది. మొప్పలో నెత్తురుకీ నీటికీ మధ్య ఉన్న తెర ఉల్లిపొర కన్నా పలచన. అంత పలచగా లేకపోతే ప్రాణవాయువు లోపలికి దిగదు. అంత పలచన కాబట్టే ప్రతి గుక్కతోనూ వచ్చే బాక్టీరియాకి అది సులువైన దారి. మరి చేప ఏం చెయ్యాలి? మన వేలికి ముల్లు గుచ్చుకుంటే వేలు వాచి, ఎర్రబడి, చీము పడుతుంది. మనకి నష్టం లేదు, వేలితో ఊపిరి పీల్చుకోం కదా. మొప్ప అలా వాచిందంటే దాని రేకులు మందమై ఒకదానికొకటి అతుక్కుంటాయి, ఊపిరికి దారి మూసుకుపోతుంది. అప్పుడు చేపని చంపేది బాక్టీరియా కాదు, దాని మీద చేప చేసుకున్న యుద్ధం. పోనీ యుద్ధమే చెయ్యకపోతే బాక్టీరియా మొప్పని తినేస్తుంది.

"కోపం రావాలి, గొంతు మూసుకుపోకూడదు. అది మనుషులకే చేతకాదు. చేప రోజంతా చేస్తుంది" అన్నారావిడ.

ఆ అదుపులో మొదటి మెట్టు జిగురే. బాక్టీరియా తెరని తాకకముందే జిగురులో చిక్కుకుంటుంది. బాక్టీరియా గోడని కరిగించే పదార్థం అందులో ఉంటుంది. ఫలానా బాక్టీరియాని గుర్తుపట్టి పట్టుకునే ప్రతిరక్షకాలూ ఉంటాయి. పట్టుకున్నదంతా జిగురుతో పాటు నీళ్లలోకి జారిపోతుంది, కింద కొత్త జిగురు ఊరుతుంది. తెర వెనక కావలి కణాలు ఉంటాయి, కానీ జిగురు దాటి వచ్చినదాని మీదే వాటి పని. ఇంట్లో గొడవ కాకుండా గుమ్మంలోనే తేల్చుకోవడం అన్నమాట.

ఆవిడ అది మాటలతో వదిలెయ్యలేదు. చంపిన బాక్టీరియాని ఒక తొట్టి నీళ్లలో కలిపి, కొన్ని చేపల్ని అందులో కాసేపు ఉంచి తీశారు. సూది గుచ్చలేదు, మేతలో పెట్టలేదు. కొన్ని వారాలు పోయాక వాటి మొప్పల మీది జిగురు మెత్తగా గీకి, అదే రకం బతికున్న బాక్టీరియాతో కలిపి నన్ను చూడమన్నారు. విడివిడిగా తిరుగుతున్న బాక్టీరియా నా కళ్లముందే ఒకదానికొకటి అంటుకుని ముద్దలు కట్టింది. ఆ తొట్టిలో ముంచని చేపల జిగురుతో కలిపితే అలా కట్టలేదు. చేప నీళ్లలోంచే శత్రువుని నేర్చుకుంది. మొప్పలు ఏమాత్రం వాచలేదు, ఊపిరి మామూలుగానే ఉంది. నేను అద్దం మీదనుంచి తల ఎత్తలేకపోయాను. ఎక్కడెక్కడో ఇంకా కొందరు ఇలాంటి పరీక్షలు చేస్తున్నారని, తానేమీ మొదటి మనిషిని కానని ఆవిడే చెప్పారు.

నేను రిటైరయ్యాక ఈ శాస్త్రం చాలా దూరం వెళ్లింది. మొప్పల మొదళ్లలో రక్షణ కణాల గుంపులు కాపురముంటాయట. ముఖ్యంగా ఇలాంటి పైపొరల మీద పనిచేసే ప్రతిరక్షకం వేరే ఉందట. చెడ్డవాటినే కాదు, మొప్ప మీద మామూలుగా బతికే బాక్టీరియాని కూడా అది పూతలా కప్పి అదుపులో పెడుతుందట. "ఇక చాలు" అని చల్లార్చే సంకేతాలు కూడా ఉన్నాయంటున్నారు. మా రోజుల్లో మాకున్నది ఊహ మాత్రమే. ఆ ఊహ సరైన వైపే చూసిందని ఇప్పుడు చదివితే, ఆవిడ గొంతే వినబడుతుంది.

ఇంత చూసి, ఇంత మెచ్చుకుని కూడా నేను కడగడం మానలేదు. ల్యాబులో చూసిన వింత ఒక గదిలో ఉండిపోయింది, చేతి అలవాటు ఇంకో గదిలో ఉండిపోయింది.

చెరువు గట్టు మీద

ఎనభైల మధ్యలో ఒక వేసవి. ఉక్కు కర్మాగారం కడుతున్న రోజులవి. సబ్బవరం వైపు ఊళ్లలో వ్యవసాయం వదిలి ఆ పనుల్లోకి వెళ్లినవాళ్లు చాలామంది ఉండేవారు. నేను మొదట చెప్పిన చేపల మనిషి పేరు అప్పలసూరి. అతని అన్నదమ్ములూ అలాగే వెళ్లిపోయారు. అతను మాత్రం వెళ్లకుండా ఊరి చెరువు కౌలుకి తీసుకుని, బొచ్చెల్నీ శీలావతుల్నీ తల్లిచేపలుగా పెంచాడు. పెద్ద చేపల్ని అమ్ముకోవడం కాదు అతని పని. వానల్లో వాటిచేత గుడ్లు పెట్టించి, పిల్లల్ని చుట్టుపక్కల చెరువులకి ఇచ్చేవాడు. తల్లిచేప అలా తయారవ్వాలంటే ఏళ్లు పడుతుంది. ఆ ఏడాది వానలకి ముందే చెరువు ఎవరి చేతిలో ఉండాలో ఊరు మళ్లీ తేల్చాలి. అతనికి వరసకి బావ అయ్యే సింహాద్రి కూడా ఆ చెరువు అడుగుతున్నాడు. తల్లిచేపలు పోతే అప్పలసూరికి చెరువూ పోతుంది.

చేపలు నీటి మీదికి వచ్చి రొప్పుతున్నాయని అప్పలసూరి మా ల్యాబుకి పరిగెత్తుకొచ్చాడు. హైమవతి గారు పని మీద వేరే ఊళ్లో ఉన్నారు. నేను చిన్న సూక్ష్మదర్శినీ మందులూ పట్టుకుని అతనితో బస్సెక్కాను.

మేం వెళ్లేసరికి గట్టు నిండా జనం. తల్లిచేపల్ని వలతో ఒక మూలకి చేర్చి ఉంచారు.

"ఏటి బావా, సేపలకి కూడా డాక్టర్లొచ్చీసినారా?" అన్నాడు సింహాద్రి. "మొన్న నాకు జొరమొత్తే కంపౌండరు కూడా రానేదు!"

"నువ్వూ గుడ్లెట్టు. నీకూ పిలుత్తాను" అన్నాడు అప్పలసూరి.

అందరూ నవ్వారు. అప్పలసూరి నవ్వలేదు.

ఒక బొచ్చె మొప్ప మూత ఎత్తి చూశాను. గోధుమరంగు జిగురు దట్టంగా పట్టి ఉంది. నా బొటనవేలు దానంతటదే వెళ్లి ఆ జిగురు తుడిచింది. ఒక ముక్క అద్దం కింద పెట్టాను. సన్నటి పొడుగాటి బాక్టీరియా గుంపులుగా కనబడింది. జబ్బు దొరికింది. అక్కడితో నా ఆలోచన ఆగిపోయింది. ఆ బాక్టీరియా ఎక్కడుంది, జిగురులోనా, జిగురు కింద రేకుల్లోనా? ఆ ప్రశ్న నేను వేసుకోలేదు.

కొత్త చెరువులో ఏ మందైనా ముందు ఒకటి రెండు చేపలకి వాడి, మర్నాడు చూసి, అప్పుడు మిగతావాటికి వాడాలని హైమవతి గారి నియమం. నాకు తెలుసు. నా కిందివాళ్లకి నేనే అది చెప్పేవాణ్ణి. కానీ గట్టు మీద జనం. డాక్టరు వచ్చి రెండు చేపల్ని బానలో వేసి రేపు చూద్దాం అంటే సింహాద్రి ఏమంటాడో నాకు ముందే వినబడింది. పర్మాంగనేటు నీళ్లలో పడగానే వచ్చే ఆ ఊదారంగు ఉంది చూశారూ, అంత గట్టి మందు వేస్తున్నట్టు ఇంకేదీ కనబడదు. నాకు ఆ రంగు కావాలి. మొప్పల మీద జిగురు దట్టంగా ఉందని మందు మోతాదు కూడా పెంచాను.

"ఇది పని సేత్తాదా బాబూ?" అని అడిగాడు అప్పలసూరి.

"సాయంత్రానికి తేడా తెలుస్తుంది."

ఒక్కొక్క చేపనీ ఊదారంగు నీళ్లలో ముంచి వదిలాం. కొన్నిటిని ముంచకముందే మందు అయిపోయింది. ముంచిన చేపలు ఒక్కసారిగా ఎగిరి, నీళ్లలోకి దూసుకుపోయాయి. జనం ఈలలు వేశారు. ఒకదాని మొప్ప మూత ఎత్తి, ఎంత ఎర్రగా, ఎంత శుభ్రంగా ఉందో అందరికీ చూపించాను. నేను గర్వపడుతూ చూపించింది ఒలిచిన గాయాన్ని.

పొద్దు వాలుతుంటే ముంచిన చేపలే మళ్లీ పైకి వచ్చాయి. ఈసారి రొప్పడం కూడా లేదు. పక్కకి ఒరిగి, ఒక్కొక్కటీ తెల్లటి పొట్ట చూపించాయి. ముంచని చేపలు మాత్రం వల మూలలో ఎప్పట్లాగే రొప్పుతూ, నిటారుగా ఉన్నాయి.

అప్పలసూరి నడుంలోతు నీళ్లలో నిలబడి చచ్చిన చేపని రెండు చేతులా పట్టుకున్నాడు. "ఏటయినాది బాబూ?" అన్నాడు.

జనం అంతా నా నోటివైపే చూస్తున్నారు. అప్పుడే అన్నాను ఆ మాట. సింహాద్రి దాన్ని అందుకున్నాడు. "ఇన్నావేటి బావా? ఆలీసమైపోనాదంట!"

రెండు స్లైడ్లు

చచ్చిన చేపల్లో ఒకదాని మొప్పలూ, ముంచని జబ్బుచేప ఒకదాని మొప్పలూ తీసుకుని వచ్చాను. హైమవతి గారు ఊరునుంచి వచ్చాక రెంటినీ పలచగా కోయించి, రంగు వేయించి, పక్కపక్కన పెట్టి నన్ను పిలిచారు. ముంచని చేప మొప్పని కడగనివ్వకుండానే కోయించారు.

"ముందు ఇది చూడు."

అది ముంచని చేపది. జిగురు మందంగా ఉంది, దాని నిండా బాక్టీరియా చిక్కుకుని ఉంది. జిగురు కింద రేకులు కాస్త ఉబ్బాయి, కానీ విడివిడిగానే ఉన్నాయి. ఊపిరికి దారి ఇరుకైంది, మూసుకోలేదు. రేకుల లోపలికి బాక్టీరియా దిగిన చోట్లు వెతుక్కోవాల్సి వచ్చింది.

"ఇది ఓడిపోతున్న చేపా, గెలుస్తున్న చేపా?"

జవాబు కోసం ఆగకుండా రెండో స్లైడు పెట్టారు. జిగురు లేదు. రేకుల పైపొర కాలి ఊడిపోయింది. మిగిలిన రేకులు నీళ్లు పట్టి ఉబ్బి, ఒకదానికొకటి అతుక్కుపోయాయి. మొదటి చేప అంత ఓర్పుతో తప్పించుకున్న చావుని నేను ఒక్క మునకతో ఈ రెండోదానికి ఇచ్చాను.

ఆవిడ తిడతారని ఎదురుచూశాను. తిట్టి ఉంటే నాకు కాస్త తేలికయ్యేది.

"మొప్పలు కడగడం నీకు నేర్పింది ఈ ల్యాబే. ఇన్నేళ్లుగా చూస్తూ నేనూ ఊరుకున్నాను. అందులో నా వాటా నాకుంది" అన్నారు. తర్వాత అడిగారు: "వాళ్లకేం చెప్పావు?"

"ఆలస్యంగా పిలిచారని."

ఆవిడ అద్దం కింది దీపం ఆర్పేశారు. "మొదటి తప్పుకి స్లైడు చూపించగలిగాను. దీనికి నా దగ్గర స్లైడు లేదు పైడిరాజూ. నువ్వే చూసుకో."

మర్నాటినుంచి మా బల్లల మీద నీళ్లు చిమ్మే సీసాలు కనబడలేదు. ముందు జిగురుతోనే చూడాలి, తర్వాతే ఏదైనా. మీరిప్పుడు మామూలుగా చేస్తున్న పనే ఇది. మా దగ్గర అలా మొదలైంది. పై అధికారి అనే మాటకి నాకు తెలిసిన అర్థం ఆవిడే. తన తప్పుని తన వాటా మేరకి తీసుకుని, నాది నాకు వదిలేశారు.

పంచాయితీ

నాకు ధైర్యం రావడానికి చాలా రోజులు పట్టింది. ఇది కూడా రాయాలి. సీతమ్మధారలో మా ఇంటినుంచి బస్టాండుకి రెండుసార్లు వెళ్లి, బస్సెక్కకుండా తిరిగొచ్చాను. ఊళ్లో చెరువు సంగతి తేల్చే రోజు వచ్చిందని తెలిశాక ఇక ఆగలేకపోయాను.

బడి వరండాలో అందరూ కూర్చున్నారు. నేను వెళ్లేసరికి సింహాద్రి మాట్లాడుతున్నాడు.

"బావంటే నాకేటి కోపమా? కాదు. రోగమొచ్చిన్నాడే సూసుకోనోడికి సెరువెందుకని అడుగుతన్నాను. నానన్న మాట కాదిది, డాక్టరే సెప్పినాడు."

"డాక్టరు తప్పు చెప్పాడు" అన్నాను గుమ్మంలో నిలబడి.

అందరూ తిరిగి చూశారు. నేను తడబడుతూ చెప్పాను. అప్పలసూరి ఆలస్యం చెయ్యలేదు. చేపలు రొప్పడం మొదలవగానే వచ్చాడు. ఆ చేపలు బతికే చేపలే. నా మందు వాటిని చంపింది. ముంచని చేపలు బతికి ఉండటమే దానికి సాక్ష్యం. ఆ మాట ఆ సాయంత్రమే నాకు సగం తెలుసు, మీ ముందు చిన్నబోతానని చెప్పలేదు.

స్తంభానికి ఆనుకుని కూర్చున్న ఒక ముసలామె అంది: "బతికితే మా మందు గొప్పంతారు, సత్తే దేవుడి రాతంతారు డాక్టర్లు. ఈడెవడో కొత్తరకమమ్మా."

వరండా అంతా నవ్వింది. సింహాద్రి కూడా నవ్వేశాడు. అప్పలసూరి లేచి నా దగ్గరికి వచ్చాడు. కొడతాడేమో అనుకున్నాను.

"ఆ ఏలే సెప్పుంటే ఏటయ్యేది బాబూ? ఇన్నాల్లూ నన్ను ఈ ఊరోలు సూసిన సూపు మీకు తెల్దు. నా పెళ్లాం కూడా 'ముందే పిలవకపోనావా' అన్నాది. నాను ఎంత ముందు పిలిసినానో నాకే అనుమానమొచ్చీసినాది."

 

ఊరు చెరువుని అతని దగ్గరే ఉంచింది, కానీ ఒక షరతు పెట్టింది. ఆ వానల్లో ఎప్పట్లాగే చేపపిల్లలు రావాలి. రాకపోతే సింహాద్రికి. బతికిన తల్లిచేపలు ఆ పనికి చాలవు. అప్పలసూరి నావైపు చూడకుండా వెళ్లిపోయాడు.

తెచ్చిన చేపలు

నేను సెలవు పెట్టాను. అంతకుముందు నేను వైద్యం చేసిన చెరువులన్నీ తిరిగాను. ప్రతి చోటా జరిగింది జరిగినట్టు చెప్పి, ఒక జత తల్లిచేపల్ని ఇమ్మని అడిగాను. "అయితే మా సేపల్ని మీకు ఒప్పసెప్పీమంతారేటి?" అని ఒకాయన మొహం మీదే నవ్వాడు. నవ్వాక జతకి బదులు రెండు జతలు ఇచ్చాడు. విశాఖ పాతనగరంలో రేకుల పనిచేసే జిలానీ భాయి చేత పెద్ద రేకు తొట్టి కట్టించాను. "ఇందులో మీరు కూర్చుంటారా, చేపలు కూర్చుంటాయా సార్?" అన్నాడాయన. ఇద్దరమూ కూర్చున్నాం. లారీ మీద ఆ తొట్టి పక్కన కూర్చుని, నీళ్లలో గాలి కలవడానికి దారి పొడుగునా చేతులతో నీళ్లు చిలుకుతూ వెళ్లాను. సింహాచలం మలుపులో లారీ ఆగితే, కొండకి వెళ్తున్న ఆడవాళ్లు చూసి "మొక్కుబడేటి బాబూ?" అని అడిగారు. అవునన్నాను.

ఈ కొత్త చేపల్ని తిన్నగా పాతవాటిలో కలపకూడదు. బతికిన చేపల మొప్పలు ఆ చెరువు బాక్టీరియాతో పోరాడి నేర్చుకున్నాయి. కొత్తవాటికి అది తెలియదు. ఒక్కసారిగా దాన్ని వాటి మీద కుమ్మరిస్తే మొప్పలు భయపడి, మందమై మూసుకుపోవచ్చు. అందుకని చెరువు పక్కనున్న సిమెంటు తొట్టిలో మంచినీళ్లలో వాటిని ఉంచాం. చెరువు నీళ్లు ముందు చెంబుడు, తర్వాత బిందెడు, అలా కొద్దికొద్దిగా కలుపుతూ వచ్చాం. తక్కువ తక్కువగా ఎదురైతే మొప్ప నేర్చుకుంటుందని నా ఆశ. ఇది రుజువని మీకు చెప్పను. పోల్చి చూడటానికి వేరే చేపల్ని పెట్టలేదు, వాటితో పరీక్ష చేసే హక్కు నాకు ఇక లేదు. ఒక్క మందు చుక్క కూడా వెయ్యలేదు.

అప్పలసూరి ఆ రోజుల్లో నాతో అవసరమైన మాటలే మాట్లాడేవాడు. నీళ్లు తనే తోడేవాడు, నన్ను ముట్టుకోనిచ్చేవాడు కాదు. నేను స్టూలు మీద కూర్చుని చేపల ఊపిరి చూసేవాణ్ణి. చెరువు నీళ్లు ఎక్కువ కలిపిన రోజు వాటి మూతలు గబగబా ఆడేవి, తర్వాత నెమ్మదించేవి. నెమ్మదించాకే ఇంకో బిందె.

ఆ వానల్లో పిల్లలు వచ్చాయి. ఊరి షరతు తీరింది, చెరువు అప్పలసూరి దగ్గరే ఉండిపోయింది. నాకు చేపలు ఇచ్చిన చెరువులన్నిటికీ అతను పిల్లల్ని పంపాడు. దానికి కాస్త ముందు జరిగిన ఒక మధ్యాహ్నంతో ఇది ముగిస్తాను.

ఆకాశం నల్లగా కమ్మింది. గాలి మారింది. ఆ అదును తప్పితే గుడ్లు రావు, గుడ్లు రాకపోతే చెరువు పోతుంది. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు. అప్పలసూరి తొట్టి అంచు మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు.

"వానొచ్చీసినాది. ఇంక కలిపీదామా బాబూ?"

నేను చేపల వైపు చూశాను. పొద్దున పోసిన బిందె తాలూకు విసురు వాటి మూతల్లో ఇంకా ఉంది.

"మొప్పలింకా చల్లారలేదు. ఆగుదాం."

అతను నన్ను తేరిపార చూశాడు. "మీరా ఆగమనేది?" అన్నాడు. మళ్లీ, "మీరా!" అని పడీపడీ నవ్వాడు. నవ్వి నవ్వి తొట్టి అంచు మీద కూర్చున్నాడు. కాస్త జరిగి నాకూ చోటిచ్చాడు.

చినుకులు మొదలయ్యాయి. ఇద్దరం తడుస్తూ చేపల్ని చూస్తూ ఆగాం.